పక్కసీటు బ్రేకు

పొద్దున్నే మెలకువ రాగానే ఆమె చేసే మొదటి పని కాళ్ళు కిందపెట్టడం. అదేం పెద్ద విశేషం, అందరూ చేసేదేగా అనుకోకండి. అందరూ కాళ్ళు కిందపెట్టి లేచిపోతారు. ఆమె కిందపెట్టి ఆగుతుంది. ముందు ఎడమ పాదం. గచ్చు చల్లగా తగిలింది. తర్వాత కుడి పాదం. బొటనవేలు, దాని పక్కది, ఆ పక్కది, ఒక్కొక్క వేలే గచ్చుకి ఆనించి చల్లదనం తెలుస్తోందా లేదా అని చూసుకుంటుంది. ఆ రోజు నాలుగు వేళ్ళకి తెలిసింది. చిటికెనవేలు మాత్రం మేజోడు తొడిగినట్టు మందంగా ఉంది. నిన్న కూడా ఇంతేగా అని తనకి తానే సర్దిచెప్పుకుని, పక్కన భర్త కదలకముందే లేచింది.

ఊళ్ళో ఆమెని బ్రేకు మేడమ్ అంటారు. ఆడవాళ్ళకి కారు నడపడం నేర్పుతుంది. ఆ కార్లో నేర్చుకునేవాళ్ళకి ఉన్నట్టే పక్కసీటు కిందా ఓ బ్రేకు ఉంటుంది. ఎదుటివాళ్ళు కంగారుపడి కాళ్ళూ చేతులూ వదిలేసినా, పక్కనుంచి ఆమె కుడికాలు బండిని ఆపేస్తుంది. పద్నాలుగేళ్ళలో ఆ కారుకి చిన్న గీత కూడా పడలేదు. "మీ కాలుంటే చాలు మేడమ్, ధైర్యంగా ఉంటుంది" అంటారు నేర్చుకునేవాళ్ళు. ఇప్పుడా మాట వింటే ఆమె చూపు తన కుడికాలి మీదకే పోతోంది.

నాలుగేళ్ళ క్రితం మొదలైంది ఈ గొడవ. భర్తకి కళ్ళజోళ్ళ షాపు. ఓ రోజు షాపులో కూర్చుని సరదాగా ఒక ఎర్ర ఫ్రేము చూస్తూ కుడికన్ను మూసింది. ఎర్రరంగు కాస్తా వెలిసిపోయింది! కన్ను మార్చి చూస్తే మళ్ళీ ఎర్రగానే ఉంది. ఆయన ముఖం పాలిపోయింది. ఆయన కళ్ళ డాక్టరు దగ్గరికి, కళ్ళ డాక్టరు నరాల డాక్టరు దగ్గరికి, ఆయన స్కాన్‌కి పంపారు. మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నారు. "కరెంటు తీగమీద తొడుగులాగా నరాలమీద ఓ పొర ఉంటుందమ్మా. ఒంటిని కాపాడాల్సిన శక్తే పొరపాటుపడి ఆ పొరని కొరికేస్తుంది. కొరికినచోట మచ్చ పడుతుంది" అని డాక్టరు కాగితంమీద గీసి మరీ చెప్పాడు. చూపు తిరిగొచ్చింది. నెలకోసారి తనే పొట్టమీద వేసుకునే సూది మొదలుపెట్టారు. ఏడాదికోసారి స్కాన్. మూడేళ్ళు కొత్త మచ్చ లేదన్నారు. హమ్మయ్య అనుకున్నారు.

రెండు నెలలుగా మళ్ళీ ఏదో జరుగుతోంది. పొద్దున బాగుండే కుడికాలు మధ్యాహ్నమయ్యేసరికి తనది కాకుండా పోతోంది. వేరేవాళ్ళకి కాలు మొద్దుబారితే కాలే మొద్దుబారినట్టు. ఆమెకి మాత్రం బ్రేకు పోయినట్టే.

"కిటికీ ఎవరు తీశారు?" వంటింటి గుమ్మంలో నిలబడి అత్తగారు కేకేసింది. "నరాల జబ్బు మనిషికి గాలి తగలనిస్తారా ఎవరైనా?"

"నానమ్మా, బయట ఎండ మాడిపోతోంది. వచ్చేది గాలి కాదు, ఆవిరి" అంది కూతురు బ్రెడ్డు నములుతూ. గలగలమంటూ ఒక్కచోట నిలవదని దాన్ని ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. కాలేజీ రెండో ఏడు. కొత్తగా ఎల్ బోర్డు చేతికొచ్చింది, రోజూ మూడింటికి అమ్మ దగ్గర క్లాసు.

"నీకేం తెలుసే! వేడినీళ్ళు కాచి ఉంచాను, కాలు ముంచుకుని వెళ్ళమను మీ అమ్మని."

"అలాగే అత్తయ్యా" అందామె. అత్తగారిది నోరే పెద్దది, మనసు వెన్న.

భర్త కళ్ళజోడు తుడుచుకుంటూ వచ్చాడు. "స్కాన్ డేటు ఇంకా చెప్పలేదా వాళ్ళు? రెండుసార్లు వాయిదా వేశారు. ఆస్పత్రేనా అది? ఇవాళ నేనే వెళ్ళి అడుగుతాను."

ఆమె చేతిలో టీకప్పు ఆగిపోయింది. "వద్దండీ. మిషను రిపేరుట. వాళ్ళే ఫోన్ చేస్తామన్నారు."

అబద్ధం. ఆస్పత్రివాళ్ళు ఒక్కసారీ వాయిదా వేయలేదు. తనే ఫోన్ చేసి రాలేనంది, రెండుసార్లూ. స్కాన్‌లో కొత్త మచ్చ కనిపిస్తే? డాక్టరు ఇక కారు మానెయ్యమంటే? ఆ తర్వాత కర్ర, కర్ర తర్వాత చక్రాల కుర్చీ. అక్కడిదాకా వెళ్ళేసరికి ఆమె ఆలోచన ఆగిపోయేది. చూడకపోతే లేనట్టే అని మనసుని మభ్యపెట్టుకుంటోంది. ఇంత తెలివైన మనిషి ఇలా చేసిందేమిటని మీరనొచ్చు. భయం పట్టుకున్నాక తెలివి ఎక్కడుంటుంది చెప్పండి.

పొద్దున రెండు క్లాసులూ చక్కగా అయిపోయాయి. మధ్యాహ్నం పన్నెండున్నరకి సంగీతం టీచరు వచ్చింది. యాభై దాటిన మనిషి, గేరు మార్చాలంటే కళ్ళు మూసుకుంటుంది.

"కొంచెం ఏసీ వేద్దామా మేడమ్? ఉడికిపోతున్నాను."

"మీరు సంగీతం చెప్పేటప్పుడు పక్కన మిక్సీ తిప్పుతారా? ఏసీ వేస్తే ఇంజను గొంతు తెలీదు. హాఫ్ క్లచ్ కాలితో కాదండీ, చెవితో పట్టాలి."

పద్నాలుగేళ్ళుగా ఇదే ఆమె పద్ధతి. ఏసీ ఉండదు. బయటి హారన్లకి బెదురుతారని అద్దాలు కూడా రెండువేళ్ళ సందు తప్ప దింపదు. ఆ పద్ధతిలో నేర్చుకున్నవాళ్ళ బండి నాలుగురోడ్ల మధ్య ఆగిపోయిందన్న మాట లేదు.

మలుపు దగ్గర సంగీతం టీచరు కొంచెం వేగంగా తిప్పింది. ఆమె అలవాటుగా బ్రేకుమీద కాలు వేసింది. వేసిందో లేదో తెలియలేదు! తల వంచి చూసుకోవాల్సి వచ్చింది. పాదం బ్రేకుమీదే ఉంది. కానీ ఆ పాదం ఎవరిదో అన్నట్టుంది. తన కాలు ఎక్కడుందో తన కంటికి కనిపిస్తే తప్ప తెలియకపోవడం అంత భయంకరంగా ఉంటుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. ఒళ్ళంతా చెమట పట్టింది.

క్లాసు అయ్యాక ఆమె సంగీతం టీచరు కార్డు తీసి తప్పులు రాసింది. ఒక్కొక్కరికీ ఒక్కో కార్డు, తేదీ, టైము, ఆ రోజు చేసిన పొరపాటు. కార్డు మూలన చిన్న చుక్క పెట్టింది. కాలు మొరాయించిన రోజుకి గుర్తు అది. రెండు నెలల్లో ఎన్ని చుక్కలు పడ్డాయో ఒక్కసారీ చూసుకోలేదు, చూడాలంటే భయం. కార్డు పెట్టెలో పడేసి మూత మూసింది.

మూడింటికి పిచ్చుక వచ్చి స్టీరింగ్ ముందు కూర్చుంది. ఇవాళ్టికి మానేద్దాం అని ఆమె నోటిదాకా వచ్చింది. మానేస్తే ఎందుకని అడుగుతుంది, అడిగితే చెప్పాలి. "పద" అంది.

"అమ్మా, నన్ను కూడా మిగతావాళ్ళని తిట్టినట్టు తిట్టొద్దు."

"మిగతావాళ్ళని తిట్టను. నిన్నే తిడతాను. అద్దం చూడు, అద్దం!"

బడి దాటి ఇళ్ళ మధ్య సందులోకి మళ్ళారు. ఓ పక్కన సామాను వ్యాను ఆగి ఉంది. దాని వెనకనుంచి ఒక ముసలావిడ చక్రాల సంచీ లాక్కుంటూ రోడ్డుమీదకి వచ్చేసింది. పిచ్చుక కొయ్యబారిపోయింది. ఆమె బలమంతా పెట్టి కాలు తొక్కింది. కారు ఆగలేదు! కిందకి చూసింది. పాదం బ్రేకు పక్కన మ్యాటుమీద ఉంది, ఉత్త మ్యాటునే తొక్కుతోంది. పై ప్రాణాలు పైనే పోయాయి. ఆమె చెయ్యి హ్యాండ్ బ్రేకు అందుకునేలోపు, పిచ్చుక కెవ్వుమంటూ తన బ్రేకు తొక్కింది. సంచీకి జానెడు దూరంలో కారు ఆగి, ఇంజను ఆరిపోయింది.

ముసలావిడ నాలుగు చీవాట్లు పెట్టి తన దారిన తను పోయింది.

"నువ్వు తొక్కలేదమ్మా" అంది పిచ్చుక స్టీరింగ్ వదలకుండానే.

"నువ్వే ఆపాలని ఊరుకున్నాను. ఎలా ఆపుతావో చూద్దామని."

"అబద్ధం! నువ్వు కిందకి చూశావు. నీ కాలు కోసం వెతుక్కున్నావు. నేను చూశాను."

ఆమె కిటికీ వైపు తిరిగింది. "కారు ఓ పక్కకి పెట్టు. ఇంటికి నడిచి వెళదాం. తాళం తీసెయ్యి."

ఇల్లు చేరేసరికి భర్త అప్పటికే వచ్చి ఉన్నాడు. నాలుగింటికి ఆయన షాపు వదిలి రావడమా! ఆయన ముఖం చూడగానే ఆమె ఉన్నచోటే ఆగిపోయింది.

"ఆస్పత్రి నుంచి నర్సు ఫోన్ చేసింది" అన్నాడు. "నీ ఫోన్ కలవలేదని నాకు చేసింది. మూడోసారైనా వస్తారా అండీ అని అడిగింది. మిషను ఎప్పుడూ చెడిపోలేదట."

ఆమె గోడ పట్టుకుని నిలబడింది.

"నాతో అబద్ధం చెప్పావు. ఎందుకు? నేనేం పరాయివాణ్ణా? రోజూ పొద్దున్నే నీ ముఖం చూసి బాగుందనుకుని షాపుకి వెళుతున్నాను. వెర్రివాడిలా!"

"నాన్నా, ఇంకోటుంది" అంది పిచ్చుక. చెప్పొద్దన్నట్టు ఆమె చూసింది కానీ పిల్ల ఆగలేదు, వెక్కుతూనే సందు, వ్యాను, ముసలావిడ అన్నీ చెప్పేసింది.

భర్త కుర్చీలో కూలబడ్డాడు. "ఎన్నాళ్ళ నుంచి?"

"రెండు నెలలు."

"రెండు నెలలుగా ఆ కాలుతో పక్కన కూర్చుంటున్నావా? పిల్లకేమైనా అయితే? ఆ ముసలావిడకి ఏమైనా అయితే?"

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. అంతవరకు బిగపట్టుకున్నది ఒక్కసారిగా తెగింది.

"తెలుసండీ! నాకు తెలీదనుకుంటున్నారా? నా కాలు నాకు చెప్పకుండా ఎటో పోతోంది. రోజూ మంచం దిగేటప్పుడు ఇవాళ ఎన్ని వేళ్ళు మిగిలాయో చూసుకుంటున్నాను. స్కాన్‌కి వెళితే అయిపోయిందంటారు. కారు వదిలెయ్యమంటారు. కారు వదిలేస్తే నేనెవరిని? మంచంమీద పడుంటే మీరంతా చుట్టూ కూర్చుని జాలిగా చూస్తుంటే... నాకు భయం! చచ్చేంత భయం!"

అని కింద కూర్చుని బావురుమంది. ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఎవరూ ఆమె అలా ఏడవగా చూడలేదు.

అప్పటిదాకా వంటింటి గుమ్మంలో ఉన్న అత్తగారు వాకిట్లోకి వెళ్ళింది. అలిగిందేమో అనుకున్నారు. చేతిలో కోడలి కుడికాలి చెప్పు పట్టుకుని వచ్చింది. తిరగేసి కొడుకు ఎదురుగా పెట్టింది.

"చూడు. ముందువైపు ఎలా అరిగిందో. కాలు ఈడుస్తోంది. మడమ అరగాలి కానీ వేలి దగ్గర అరుగుతుందా ఎవరికైనా? రెండు నెలల్లో మూడుసార్లు అడుగు కుట్టించాను, దానికి తెలియకుండా."

"నీకు తెలుసా అమ్మా! మరి చెప్పవేం?"

"ఏం చెప్పనురా? చెబితే నిజమైపోతుందని భయపడ్డాను" అంది పెద్దావిడ. నోరు పెద్దదనుకున్నామా, ఆ మాట మాత్రం గొణిగినట్టే వచ్చింది. "వేడినీళ్ళు కాచాను, కిటికీలు మూశాను. నాకు చేతనైంది అదే."

ఆమె తలెత్తి ఆ చెప్పుకేసి చూసింది. ఎప్పటికీ అరగని చెప్పులు దొరికాయే అని తను మురిసిపోయింది కూడా! నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అత్తగారు పక్కన చతికిలబడి కోడలి కుడిపాదం తీసి ఒళ్ళో పెట్టుకుంది.

భర్త లేచి కారు తాళంచెవి తీసుకుని గోడ అద్దం వెనక పెట్టాడు. "డాక్టరు చెప్పేదాకా ఇది ఇక్కడే ఉంటుంది. కోపం కాదు. నాకూ భయంగానే ఉంది."

"పెట్టండి" అంది ఆమె. రెండు నెలల్లో మొదటిసారి ఊపిరి పూర్తిగా ఆడింది.

ఈలోగా పిచ్చుక ఎటు పోయిందని చూస్తే, హాల్లో కార్డులపెట్టె బోర్లించి నేలంతా పరిచేసింది. రేపు క్లాసులు లేవని అందరికీ ఫోన్లు చేద్దామని నంబర్ల కోసం తీసిందట.

"అమ్మా, ఈ చుక్కలేంటి?"

ఆమె చెప్పింది. ఇక దాచేదేముంది.

పిల్ల కార్డులు వరసలు మార్చి పేర్చడం మొదలుపెట్టింది. "పొద్దున క్లాసుల్లో ఒక్క చుక్క కూడా లేదు" అంది చివరికి. "అన్నీ పన్నెండుకీ నాలుక్కీ మధ్యే. మొన్న మూడు రోజులు వాన పడింది చూడు, అప్పుడు మధ్యాహ్నం కూడా లేదు. ఇదిగో, ఈ బ్యాంకావిడది రెండు గంటల క్లాసు. చుక్క లేదు. ఆ రోజేంటి?"

ఆమె గుర్తు తెచ్చుకుంది. "ఆవిడ మొండిఘటం. ఏసీ లేకపోతే దిగిపోతానంది. వేశాను."

నలుగురూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. భర్త వెంటనే నర్సుకి ఫోన్ చేసి, మాట బయటికి వినపడేలా బల్లమీద పెట్టాడు.

నర్సు అంతా విని, "కాలు అలా అయ్యాక ఎంతసేపటికి మామూలవుతుందమ్మా?" అని అడిగింది.

"సాయంత్రం ఇంటికొచ్చి కాసేపు ఫాను కింద పడుకుంటే సర్దుకుంటుంది. చిటికెనవేలు మాత్రం ఎప్పుడూ మందంగానే ఉంటోంది."

"ఒళ్ళు వేడెక్కితే పాత మచ్చల దగ్గర నరం సరిగా పనిచెయ్యదు. చల్లబడితే మళ్ళీ దారికొస్తుంది. కొత్త దాడి అయితే ఇలా గంటల్లో పోదు, రోజు దాటి అలాగే ఉంటుంది. మీరు చెప్పేది వేడి వల్ల అయ్యుండొచ్చు. కానీ వేలు సంగతి ఉంది, కాలు ఈడుస్తున్నారంటున్నారు. అది చూడాలి. స్కాన్ లేకుండా నేను బాగుందనీ చెప్పను, లేదనీ చెప్పను. అంతవరకు ఆ సీటులో కూర్చుని కారు నేర్పకండి. వేడినీళ్ళూ వద్దు."

ఫోన్ పెట్టేయగానే అత్తగారు రెండు చేతులతో నెత్తి కొట్టుకుంది. "అయ్యో నా చేతులు విరగ! రోజూ పొద్దున్నే కాళ్ళు ఉడకబెట్టి పంపించానే!"

"మీరొక్కరే ఉడకబెట్టారా అత్తయ్యా, నేను నన్నే కారుతో సహా ఉడకబెట్టుకున్నాను" అంది ఆమె. పెద్దావిడ అప్పటికప్పుడు లేచి ఇంట్లో కిటికీలన్నీ బార్లా తీసింది.

స్కాన్‌కి డేటు ఇరవై రోజులకి ఇచ్చారు. ఆ ఇరవై రోజులూ ఎలా గడిచాయో చెప్పాలంటే కష్టం. వేడివల్లే అని ఒక గంట ధైర్యం, వేలు సంగతేమిటని మరో గంట వణుకు. నేర్చుకునేవాళ్ళని పక్క వీధిలో కారు నేర్పే హారన్ మాస్టారికి అప్పజెప్పింది. అస్తమానం హారన్ కొట్టిస్తాడని ఏళ్ళ తరబడి ఆయన్ని వెక్కిరించిన మనిషి, తనే వెళ్ళి కార్డులపెట్టె ఆయన చేతిలో పెట్టి వచ్చింది. ఆయన మాత్రం ఎత్తిపొడవలేదు. "పెట్టె మీదే మేడమ్, నా దగ్గర ఉంటుందంతే" అన్నాడు. పిచ్చుక ఆయన దగ్గరే నేర్చుకుని, మొన్ననే పరీక్ష పాసైంది.

స్కాన్ రోజు పొద్దున ఆస్పత్రికి బయల్దేరారు. స్టీరింగ్ ముందు పిచ్చుక, వెనక సీట్లో అత్తగారూ భర్తా. ఆమె పక్కసీట్లో కూర్చుంది. కారెక్కగానే కుడికాలు దానంతటదే బ్రేకుమీదకి పోయింది. పద్నాలుగేళ్ళ అలవాటు మరి.

పిల్ల చెయ్యి చాచి ఏసీ వేసింది. "ఇంజను గొంతు వినపడకపోయినా నాకు తెలుస్తుందిలే అమ్మా."

రెండు వీధులు దాటారు. ఆమె కళ్ళు రోడ్డుమీద, ప్రాణం పాదంలో. ఈ కాలుని నమ్మలేను. నమ్మలేని కాలుని ఇక్కడ ఎందుకు పెట్టుకున్నాను? పిల్ల భయపడకుండానా, నేను భయపడకుండానా? అలా అనుకుంటూనే చెప్పులు విడిచి, రెండు కాళ్ళూ సీటుమీదకి తీసుకుని మఠం వేసుక్కూర్చుంది. పిచ్చుక ఓరకంట చూసి, చూపు మళ్ళీ రోడ్డుమీదకి తిప్పుకుంది. స్టీరింగ్ మీద దాని వేళ్ళు మాత్రం బిగుసుకున్నాయి.

ఆస్పత్రి మలుపు దగ్గర ఒక స్కూటరు అడ్డంగా దూసుకొచ్చింది. ఆమె చేతులు తన మోకాళ్ళనే గట్టిగా పట్టుకున్నాయి. కారు మెత్తగా ఆగింది. స్కూటరు వెళ్ళిపోయాక మెత్తగా కదిలింది.

"చాలా బాగా ఆపావు" అంది. వెనకనుంచి భర్త చెయ్యి వచ్చి భుజంమీద పడింది.

ఆస్పత్రి వాకిట్లో తలుపు తీసి, చెప్పులు లేకుండానే కాళ్ళు కింద పెట్టింది. నీడలో ఉన్న రాతిగచ్చు. ముగ్గురూ దిగి ఆమె చుట్టూ నిలబడ్డారు. అత్తగారి చేతిలో ఆ చెప్పులున్నాయి. అలవాటుగా బొటనవేలితో మొదలుపెట్టింది. ఇన్నాళ్ళూ మంచం అంచున ఒంటరిగా, ఎవరూ లేవకముందు చేసుకున్న పని. లోపల మిషను ఏం చూపిస్తుందో తెలీదు. భయం ఎక్కడికీ పోలేదు.

"కాలు ఏమంటోందే?" అంది అత్తగారు ఉండబట్టలేక.

బాగానే ఉంది అత్తయ్యా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"నాలుగు వేళ్ళకి చల్లగా తెలుస్తోంది" అంది అందరికీ వినపడేలా. "చిటికెనవేలికి తెలియట్లేదు. నాకు భయంగా ఉంది. నాతో లోపలికి రండి."